పాత కంప్యూటరునకు క్రొత్త బలము



పిల్లల యాటవస్తువులకు ధర పెట్టుట మన తల్లుల కాలమున అంతగా లేదు. అచ్చనగాయలకు గులకఱాళ్ళు వాగునందు దొరకెడివి. వామనగుంటలకు చింతగింజలు వంటయింటనే యుండెడివి. నేడు పదియవ తరగతి ముగించిన బాలుడు కోరు నాట వేల రూపాయల యంత్రమునందు గాని నడవదు. ఆ యంత్రము ఇంట నదివఱకే యున్నను, అది పాతదయ్యెననియు, దానిని మార్చవలెననియు వేసవి సెలవులతోబాటు మొఱ మొదలగును. కొనుమనువాడు అంగడివాడు, కోరువాడు కుమారుడు, తలయూపువాడు తండ్రి. పోపులపెట్టెలోని రూకలు మాత్రము మనవి. కావున పాత కంప్యూటరును ఆటలకు తగినట్లు బాగుచేయుట యెట్లు, అందులో దేనికి సొమ్ము పెట్టవలెను, దేనికి పెట్టరాదు అను విషయమును ఈ మాసమున వ్రాయుచున్నాను. ఇది పురుషుల విద్య యని పుట త్రిప్పవలదు. ధాన్యము చేత పట్టి చూచి బేరమాడుట యెఱిగిన యిల్లాలికి ఇందు తెలియనివి పేరులు మాత్రమే.

విషయము ఒక యింటి లెక్కతో చెప్పిన సుబోధముగా నుండును. మా బాన్సువాడలో, మా వీధియందే, బీడీలు చుట్టి సంసారము నడుపు నొక యిల్లాలు గలదు. భర్త గల్ఫు దేశమున కూలిపని చేయుచున్నాడు. అతడు పంపు ధనము ప్రయాణమునకై చేసిన యప్పునకే చాలుచున్నది. ఆమె కుమారుని చదువునకై, కచేరీలలో వాడి విడిచిన కంప్యూటరు నొకదానిని తొమ్మిది వేలకు కొనియుండెను. 2025 వేసవిలో ఆ బాలుడు 'రాకెట్ లీగ్' అను నాటకు మనసుపడెను. కార్లు బంతి నాడు ఆట యది. రక్తపాతము లేదు, చిన్నపిల్లలును ఆడదగినదని ముద్ర గలది. 2020 సెప్టెంబరు నుండి దానిని వెల లేకయే ఇచ్చుచున్నారు. ఆట ఉచితమే గాని, యంత్రమున అది కుంటుచు నడచెను. బంతి ఒకచోట కనబడి, కన్ను మూసి తెఱచునప్పటికి మఱియొకచోట తేలుచుండెను. పట్టణమున నొక యంగడివాడు పెట్టె మూత కూడ తీయకయే "ఇది తుక్కు, యాబది యైదు వేలకు క్రొత్తది యిచ్చెదను, నెలనెల కట్టవచ్చును" అని చెప్పెనట. ఆమెయొద్ద దాచుకొన్నది పండ్రెండు వేలు.

"అక్కా, గీ డబ్బ నిజంగనే పనికిరాదా? పోరడు అన్నం సక్కగ తింటలేడు" అని యామె నాయొద్దకు వచ్చెను. మా యింటనున్నదియు నట్టి పాత యంత్రమే యగుటచేతను, దానిని విప్పి తుడుచుట, భాగములు మార్చుట నాకలవాటే యగుటచేతను, నన్నడిగెను.

మొదట ఆ పెట్టెలో నేమున్నదో తెలియవలెను. మనవారు పెట్టెనంతటిని 'సీపీయూ' అందురు. నిజమునకు సీపీయూ అనగా లోపల అరచేతిలో నిమిడిపోవు నొక బిళ్ళ మాత్రమే. దానినే ప్రాసెసరు అందురు. పెండ్లిలో బంతి భోజనమును తలచుకొనుడు. ప్రాసెసరు వంటవాడు. గ్రాఫిక్సు కార్డు వడ్డించువాడు. ఆటలో మనము చూచు ప్రతి దృశ్యమును తెరపై పరచువాడతడే. ర్యాము అనునది వండిన గిన్నెలు దించి పెట్టుకొను అరుగు. హార్డుడిస్కు సరుకుల కొట్టు. వీనియన్నిటికిని తగు పాలు విద్యుత్తు పంచునది ఎస్‌ఎంపీఎస్. దానిని పొయ్యి యనుకొనుడు. వంటవాడెంత చురుకైనవాడైనను వడ్డించువాడొక్కడే యైనచో, రెండువందల విస్తళ్ళ యెదుట జనులు చేతులు ముడుచుకొని కూర్చుందురు. అప్పుడు మఱియొక వంటవాని తెచ్చిన ఫలమేమి? ఆటకుంటుటకు మూలము ఎల్లప్పుడును ఆ యైదింటిలో మందముగా నున్న యొక్కటియే. దానిని కనుగొనక పెట్టిన ప్రతి రూపాయియు గాలిలో విసరినట్లే.

కనుగొనుటకు వైద్యు డక్కఱలేదు. ఆట నడచుచుండగా మీటలపలకపై కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో 'టాస్క్ మేనేజరు' అను పట్టిక తెఱచుకొనును. అందు 'పెర్ఫార్మెన్సు' అనుచోట ప్రాసెసరు, ర్యాము, డిస్కు, గ్రాఫిక్సు ఇవి నూటికెంత పాలు పనిచేయుచున్నవో అంకెలు కనబడును. మేము ఆ బాలుని ఆడుమని చెప్పి, ప్రక్కన కాగితముపై వ్రాసికొంటిమి. ప్రాసెసరు సగమునకు కొంచెము పైన. గ్రాఫిక్సు నూటికి 98, 99. ర్యాము దాదాపు నిండినది. డిస్కు ఆట తెఱచునప్పుడు నూటికి నూఱు, పిదప నిదానము. ఇంకేమి కావలెను? వంటవాడు విసనకఱ్ఱతో విసరుకొనుచున్నాడు, వడ్డించువాడు చెమటలు గ్రక్కుచున్నాడు, అరుగు చాలక గిన్నెలు నేలపై నున్నవి.

ఆ యంత్రమున ప్రాసెసరు ఇంటెల్ వారి ఐ5-4590. 2014 నాటిది, నాలుగు కోరులు గలది. వేఱు గ్రాఫిక్సు కార్డు లేదు. ప్రాసెసరులోనే చేర్చిన హెచ్‌డీ 4600 అను చిన్న భాగమే బొమ్మలను గీయవలెను. వంటవానిచేతనే వడ్డన కూడ చేయించుట యన్నమాట. ఆ యాట చేసినవారు ప్రకటించిన యవసరములను చూచితిమి: తక్కువలో తక్కువ రెండు కోరుల ప్రాసెసరు, 4 జీబీ ర్యాము, జీటీఎక్స్ 760 అంతటి కార్డు, చక్కగా నడచుటకు నాలుగు కోరుల ప్రాసెసరు, 8 జీబీ ర్యాము, జీటీఎక్స్ 1060 అంతటి కార్డు. ప్రాసెసరు విషయమున ఆ 'తుక్కు' పై మెట్టుననే యున్నది! ప్రతి యాటకును ఇట్టి పట్టిక యుండును. కొనుటకు ముందు దానిని చదువుట, వంటకు ముందు బియ్యము కొలుచుకొనుట వంటిది. అంగడివాడు చదువడు; అతని యక్కఱ వేఱు.

ఇక కార్డు సంగతి. ఇచ్చట నేను కొంత విపులముగా వ్రాయవలసియున్నది, ఏలయనగా సొమ్ము పోవుటయు, ఒక్కొక్కప్పుడు యంత్రము కాలుటయు నిచ్చటనే. గ్రాఫిక్సు కార్డులు మదర్‌బోర్డుపైనున్న పొడవైన గాడిలో కూర్చుండును. ఆ గాడి 75 వాట్లకు మించి విద్యుత్తు నియ్యదు. అంతకన్న నెక్కువ కోరు కార్డునకు ఎస్‌ఎంపీఎస్ నుండి వేఱుగా తీగ తగిలింపవలెను. కచేరీలలో వాడిన పెట్టెలలో ఆ తీగ తఱచుగా నుండదు. అట్టిచోట కొందఱంగళ్ళవారు "ఎస్‌ఎంపీఎస్ మార్చెదము, 450 వాట్లది, ఎనిమిది వందలే" అందురు. పైన కాగితముపై 450 అని యచ్చువేయుట సులభము. నాసిరకపు పొయ్యి మండుచున్నంతసేపు బాగుగనే మండును. చెడినప్పుడు తానొక్కతియే చెడక మదర్‌బోర్డును, డిస్కును వెంట దీసికొనిపోవును. కచేరీ యంత్రములతో వచ్చు ఎస్‌ఎంపీఎస్ అంకె చిన్నదైనను సాధారణముగా నిజాయితీ గలది. ఈ పెట్టెలో దానిపై 290 వాట్లని యున్నది. ప్రాసెసరు 84, కార్డు 75, మిగిలినవన్నియు కలిసి 30 అనుకొన్నను 190 దాటదు. ఇంక దానిని మార్చుట యేల? పైగా కొన్ని కచేరీ యంత్రములలో మదర్‌బోర్డునకు పోవు తీగల కొన బజారులో దొరకు ఎస్‌ఎంపీఎస్ కొనకు సరిపడదు. కొని తెచ్చిన తరువాత ఇంట చూచుకొని విచారింపవలసి వచ్చును. నిజముగా మార్చవలసి వచ్చినచో '80 ప్లస్' అను గుర్తు గలదానిని, బిల్లుతో కొనుడు.

కావున మాకు కావలసినది 75 వాట్లలో నడచి, వేఱు తీగ నడుగని కార్డు. అట్టివి కొన్ని కలవు: 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650, 2022 నాటి ఆర్‌ఎక్స్ 6400, 2024 నాటి ఆర్‌టీఎక్స్ 3050 అందును 6 జీబీది. చివరిది మేలైనదే గాని క్రొత్తది మా సంచి కందదు. ఆర్‌ఎక్స్ 6400 క్రొత్త మదర్‌బోర్డులకై చేసినది. పాతవానిలో దాని దారి యిఱుకై వేగము తగ్గును. మిగిలినవి రెండు. 1650 అను పేరుననే వేఱు తీగ కోరునవియు బజారున కలవు. కార్డు అంచున ఆఱు పుల్లల గుంట యున్నదో లేదో చూచుకొని, లేనిదానినే తీసికొనవలెను. పెట్టె సన్నముగా పరుండబెట్టు రకమైనచో పొట్టి కార్డులు గాని పట్టవు. ఆమెది నిలువుపెట్టె యగుట యదృష్టము. నేను కుట్టుపని టేపు తీసికొని లోపలి జాగా కొలిచితిని. పొడవు, మందము రెండును వ్రాసికొనిపోవలెను. ఏలయనగా ఈ కార్డులు తఱచు రెండు గాళ్ళ మందముండును.

బాన్సువాడలో పాత కార్డులు దొరకుట యరుదు. నిజామాబాదులో విచారించితిమి, ధర యెక్కువ చెప్పిరి. తుదకు సికిందరాబాదు పార్కులేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరునకు పోతిమి. సీటీసీ యని జనులు పిలుచు ఆ కట్టడము కంప్యూటరు భాగములకు పేరెన్నిక గన్నది. మెట్టు మెట్టునకు నొక యంగడి. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మన తెలంగాణ స్త్రీలకు టిక్కెట్టు లేదు గనుక, మా యిద్దఱకు ఖర్చు కాలేదు. బాలునికి మాత్రము టిక్కెట్టు కొంటిమి. ఆడువారు ఉచితముగా తిరుగుచున్నారని యెగతాళి చేయు పెద్దమనుష్యులు ఈ లెక్క కూడ చూడవలెను: ఆ దినమున మూడంగళ్ళు తిరిగి విచారించి మేము మిగిల్చిన సొమ్ము కొంచెమేమియు కాదు.

వాడిన కార్డు కొనునప్పుడు నేను పట్టుబట్టినది యొక్కటే. అంగడిలోనే యంత్రమునకు తగిలించి, అరగంట సేపు ఆట నడపి చూపవలెను. అంగడివాడు మొదట విసుగుకొనెను. "అమ్మా, ఐదు నిమిషాలు చాలు" అనెను. ఐదు నిమిషములలో చెడుకార్డు కూడ మంచిగనే నడచును. వేడియెక్కిన పిదప గదా గుణము బయటపడుట. తెరపై రంగుచుక్కలు మెఱయుట, గీతలు పడుట, విసనకఱ్ఱ మూలుగుట ఇవి యున్నచో వదలివేయవలెను. మేము చూచిన మొదటి కార్డు పదునెనిమిదవ నిమిషమున తెర నల్లబఱచెను. రెండవది నిలిచెను. అతడు 1050 టీఐని వేయిరూపాయలు తక్కువకు చూపెను గాని, ఒక తరము వెనుకటిదని నేను వద్దంటిని. అది మంచిదే యయ్యెను. ఆ జూలై మాసమాంతమున ఎన్‌విడియా సంస్థవారు 1050 టీఐ తరమునకు క్రొత్త యాటలకై చేయు సవరణలు 2025 అక్టోబరుతో ఆగుననియు, ఆపై 2028 అక్టోబరు వఱకు రక్షణ సవరణలు మాత్రమే వచ్చుననియు ప్రకటించిరి. 1650 ఆ జాబితాలో లేదు. 1650 మాకు ఆఱువేల ఐదువందలకు వచ్చెను, ఏడు దినముల మాట బిల్లుపై వ్రాయించుకొంటిమి.

ఆమె మానిటరు పాతది. వెనుక నీలిరంగు వీజీఏ గుంట యొక్కటే యున్నది. ఈ తరపు కార్డులకు వీజీఏ లేదు. హెచ్‌డీఎంఐ నుండి వీజీఏకు మార్చు చిన్న కన్వర్టరు మూడువందల యేబది యిచ్చి తెచ్చితిమి. అది మఱచినచో ఇంటికి వచ్చిన పిదప మరల బస్సెక్కవలసినదే.

ర్యాము సంగతి త్వరగా చెప్పెదను. 4 జీబీ పలక యొక్కటే యుండెను. అట్టిదే, అదే వేగముది, ఐదువందలకు వాడినది తెచ్చి జత చేసితిమి. ఎనిమిదిది ఒకే పలకగా నుండుటకన్న, నాలుగు నాలుగు జతగా నుండుట మేలు. రెండు చేతులతో అందించినట్లు పని సాగును. డీడీఆర్3, డీడీఆర్4 అని వేఱు జాతులు కలవు. ఒకదాని గాడిలో మఱియొకటి దూఱదు, బలిమి చేసి నొక్కరాదు.

హార్డుడిస్కునకు మాఱుగా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ పదునేడు వందలకు తీసికొంటిమి. దీనిని గూర్చి యొక భ్రమ వ్యాపించియున్నది. ఎస్‌ఎస్‌డీ వేసినంతనే యాట వేగము రెట్టింపగునని చెప్పుదురు. కాదు. అది కొట్టునుండి సరుకు తెచ్చు వేగము. పాత డిస్కు సెకనునకు నూటికి పైచిలుకు ఎంబీలు తెచ్చిన, ఇది యైదువందల దాక తెచ్చును. యంత్రము తెఱచుకొనుట, ఆట మొదలగుట నిమిషముల నుండి క్షణములలోనికి దిగును. ఆట నడచుచుండగా బొమ్మల వేగమును మాత్రము కార్డే నిర్ణయించును. పాత డిస్కును పాఱవేయక రెండవ కొట్టుగా నుంచితిమి. దానిలో భర్త పంపిన ఫోటోలు, ఆమె బీడీ పీఎఫ్ కాగితముల నకళ్ళు కలవు. ఏ భాగమును ముట్టుటకు ముందైనను అట్టివి వేఱొకచోట నకలు తీసికొనుట మఱువరాదు.

ఇప్పుడు వెల లేని చికిత్స యొకటి. మన ప్రాంతము నిజాంసాగరు ఆయకట్టు. వరి కోతలప్పుడు, మిల్లులాడు దినములలో, పొట్టుధూళి ఎంత చక్కని యింటినైనను విడువదు. ఆమె యింట దానికి తోడు పొగాకు పొడి. పెట్టె మూత తీయగానే విసనకఱ్ఱ ఱెక్కలపై దూది పఱుపువలె ధూళి పేరుకొనియుండెను. మా యెండలు వేసవిలో 44, 45 డిగ్రీలు. ఇంక లోపలి వేడిమి పోవుటెట్లు? ప్రాసెసరు నూఱు డిగ్రీలకు చేరవచ్చుచుండగా తన్ను తాను కాపాడుకొనుటకై నడక తగ్గించుకొనును. దానిని చూచి మనము యంత్రము ముసలిదయ్యెనందుము. మొదట తీగ ఊడదీసి, కొంతసేపు విడిచి, ఇనుమును తాకి చేతిలోని విద్యుత్తు పోగొట్టుకొని, మెత్తని కుంచెతో తుడువవలెను. విసనకఱ్ఱ తిరుగకుండ వ్రేలితో పట్టుకొని తుడుచుడు. తడిగుడ్డ పనికిరాదు. ప్రాసెసరుపై పూసిన థర్మల్ పేస్టు పదేండ్లలో సున్నమువలె ఎండియుండును; దానిని స్పిరిటు అద్దిన గుడ్డతో తీసి, సెనగగింజంత క్రొత్తది పెట్టవలెను. ఎక్కువ పెట్టిన మేలు కలుగదు. నూటయేబది రూపాయల గొట్టము మూడు నాలుగు యంత్రములకు వచ్చును. మేము తుడిచి పేస్టు మార్చినంతమాత్రమున, కార్డు పెట్టకముందే, వేడిమి పదునైదు డిగ్రీలు తగ్గెను. అంగడివాడు చూడని పెట్టెలో నున్నది తుక్కు కాదు, దుమ్ము.

కార్డును కూర్చి, మూత మూసి, వెలిగించిన తరువాత తెర నల్లగనే యున్నచో బెదరవలదు. మానిటరు తీగ తఱచు పాత గుంటలోనే మిగిలిపోవును. దానిని మదర్‌బోర్డునుండి తీసి, క్రిందనున్న కార్డు గుంటలో పెట్టవలెను. ఆ తరువాత కార్డునకు తగిన డ్రైవరును దానిని చేసిన సంస్థవారి స్థానమునుండి మాత్రమే దింపుకొనవలెను. ఇతరచోట్ల దొరకువానితో దొంగలు కూడ వత్తురు.

తెర పరిమాణము కూడ నొక సంగతి. తెరపై బొమ్మ యనగా చుక్కలముగ్గే. పాత మానిటరున అడ్డముగా 1366, నిలువుగా 768 చుక్కలు. హెచ్చించి చూచిన 10,49,088. నేడు సామాన్యమైన పెద్ద తెరపై 1920, 1080, అనగా 20,73,600. దాదాపు రెట్టింపు. ఆ ముగ్గును సెకనునకు అఱువది మాఱులు చెఱిపి మఱల పెట్టవలెను. అప్పుడు గాని కదలిక నునుపుగా తోపదు. చిన్న తెర యున్న యిల్లు తక్కువ కార్డుతో సుఖపడునన్నమాట. బాలుడు పెద్ద తెర కూడ కావలెనని మెల్లగా ఎత్తెను. "ముందు ఈ ముగ్గు చక్కగ పెట్టనియ్యి బిడ్డా" అని తల్లి యనెను. మునుపు ఇరువదియైదు దాటని బొమ్మల సంఖ్య ఇప్పుడు అఱువదికి దిగుట లేదు. ఐనను సాయంకాలము కొన్నిమాఱులు ఆట త్రొట్రుపడుచునే యుండెను. బొమ్మల సంఖ్య తగ్గకుండ త్రొట్రుపడినచో దోషము యంత్రముది కాదు, ఇంటర్నెట్టుది. ఫోను హాట్‌స్పాటుపై ఆడువారికి ఇది తఱచు. దానికి ఏ కార్డును మందు కాజాలదు.

లెక్క యిది. కార్డు 6,500; ఎస్‌ఎస్‌డీ 1,700; ర్యాము 500; కన్వర్టరు 350; పేస్టు 150; మూలబడిన యూపీఎస్‌కు క్రొత్త బ్యాటరీ 950; బాలుని బస్సు టిక్కెట్టు, మువ్వురి భోజనము 700. మొత్తము 10,850. ఆటకు యూపీఎస్ ఏల యని యడుగవచ్చును. మన యూళ్ళలో గాలివానకు కరెంటు పోయి, వచ్చి, మరల పోవుట మీ రెఱుగనిదా? ఒక్క దెబ్బకు పై లెక్కయంతయు వ్యర్థము కాగలదు.

కరెంటు లెక్క కూడ వేయవలెను. ఆట నడచునప్పుడు యంత్రము, మానిటరు కలిసి 180 వాట్లు తీసికొనుననుకొన్నచో, దినమునకు రెండు గంటలకు యూనిట్టులో మూడవ వంతుకు పైన, నెలకు సుమారు పదునొకండు యూనిట్లు. చిన్నదే. కాని 2024 మార్చి నుండి గృహజ్యోతి క్రింద 200 యూనిట్లలోపు వాడు తెల్లకార్డు ఇండ్లకు బిల్లు లేదు. ఆ గీటు దాటినచో ఆ నెల బిల్లంతయు మన నెత్తినే పడును. వేసవిలో కూలరు నడచు నింట 190 దగ్గఱ నిలిచిన మీటరును ఈ పదునొకండు దాటింపవచ్చును. అందుచేత ఆ తల్లి మే మాసమున గంటకు మించి యాడరాదని పెట్టిన కట్టుబాటునకు నీతి కన్న మీటరే కారణము. పిల్లవాడు నీతికి లొంగలేదు గాని మీటరునకు లొంగెను!

ఏ యంత్రమునకైన నిట్లు చేయవచ్చునా? చేయరాదు. రెండు కోరుల ప్రాసెసరు గలదై, టాస్క్ మేనేజరులో ప్రాసెసరే నూటికి నూఱు చూపి, గ్రాఫిక్సు ఖాళీగా నున్నచో, కార్డు కొనుట వ్యర్థము. ప్రాసెసరు తరము మార్చవలెనన్న మదర్‌బోర్డు మారును, మదర్‌బోర్డు మారినచో ర్యాము మారును. పాత గోడపై క్రొత్త మేడ కట్టబోయి పునాది త్రవ్వినట్లగును. అట్టిదానిని చదువునకు ఉంచి, ఆటకై సొమ్ము కూడబెట్టుటయే మంచిది. ఇంకొక విచక్షణ కూడ కలదు. బంగారము కొన్నచో తరువాత కరగించి బిడ్డకు మఱియొక నగ చేయింతుము. కుట్టించిన రవిక యొకరికి గాని పనికిరాదు. కార్డు, ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్ ఇవి బంగారము వంటివి. రేపు యంత్రము మారినను దానిలోనికి తీసికొనిపోవచ్చును. పాతజాతి ర్యాము, పాతజాతి ప్రాసెసరు రవిక వంటివి. అందుచేతనే ర్యామునకు ఐదువందలు మించనియ్యలేదు. అదే గాడిలో కూర్చుండు ఐ7 ప్రాసెసరు మార్చుమని యొకడు చెప్పినను వినలేదు.

ఆ విచక్షణ యెంత అవసరమో ఆ సంవత్సరాంతమునకు తెలిసెను. 2025 చివరి మాసములలో ర్యాము, ఎస్‌ఎస్‌డీల ధరలు ఆకాశమున కెక్కినవి. కృత్రిమ మేధకై దేశదేశములందు కట్టుచున్న యంత్రశాలలకు జ్ఞాపకపు చిప్పులు అమ్ముకొనుటయే తయారుచేయువారికి లాభముగా నున్నది; మైక్రాన్ సంస్థవారు 'క్రూషియల్' అను పేర సామాన్యులకు అమ్ము వ్యాపారమును మానుకొందుమని 2025 డిసెంబరులోనే ప్రకటించిరి. ఎక్కడనో యంత్రశాల కట్టిన మన వీధిలో ర్యాము ధర పెరుగుట యాశ్చర్యమే గాని, నూనెగింజల సంగతి యెఱిగిన మనకు క్రొత్త గాదు. కావున ఇంట మూలబడిన చెడు యంత్రములుండినచో, తుక్కువానికి వేయుటకు ముందు ర్యాము పలకలు, డిస్కులు ఊడదీసి దాచుడు.

విండోసు మాట చెప్పక విడిచిన యసంపూర్ణ మగును. విండోస్ 10కి ఉచితపు రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. గృహస్థులకై పొడిగించిన గడువు 2026 అక్టోబరు 13 వఱకే. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరము ప్రాసెసరునకు తక్కువ దానిని అంగీకరింపదు. ఆ బాలునిది నాల్గవ తరము. దొంగదారిన ఎక్కించు ఉపాయములు పిల్లలకు తెలియును గాని, కొన్ని యాటలు అట్టి యంత్రమును లోనికి రానీయవు. 'వాలరెంట్' అను తుపాకుల యాట విండోస్ 11 పై టీపీఎం అను రక్షణ బిళ్ళ లేనిదే నడవదు. ఉచితమైన లినక్సు పెట్టుకొనవచ్చును. 2018 నుండి ప్రోటాన్ అను సాధనము వలన విండోసు ఆటలు పెక్కు దానిపైనను నడచుచున్నవి, మోసగాండ్రను పట్టుకొనుటకై గట్టి కాపలా పెట్టుకొన్న కొన్ని మాత్రము నడవవు. ఏది చేసినను, అట్టి పాత యంత్రమున బ్యాంకు లెక్కలు, ఆధారు కాగితములు తెఱువకుండుట క్షేమము. ఆమెకు నేను చెప్పినదిదే: ఇది ఆటపెట్టె, దీనికి నీ పాస్‌బుక్కు చూపకు.

ఇక పందెపుటాటలు. సొమ్మొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించెను. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి యామోదము పొందిన చట్టము దేశమంతటను అట్టివానిని నిషేధించినది, పోటీగా నాడు ఈ-స్పోర్ట్స్‌ను వేఱుపఱచి గుర్తించినది. ఐనను వేఱు పేరులతో పిల్లల తెరపై ప్రకటనలు వచ్చుచునే యుండును. ధర్మరాజంతటివాడు సభాపర్వమున ఒక్కొక్కటిగా ఒడ్డుచు పోయిన క్రమము చదివిన వారికి, "మొదట వంద రూపాయలు ఉచితము" అను ప్రకటన యెట్టిదో వేఱుగా చెప్ప నక్కఱలేదు. ఉచితపు టాటలలో కూడ కారునకు రంగులు, చక్రములు అమ్ముదురు. తల్లి ఫోనులోని యూపీఐ రహస్యసంఖ్య పిల్లవానికి తెలియకుండుట మేలు.

ఆటలనగా పరదేశపు తుపాకులే గావు. పూణె పట్టణమున నోడింగ్ హెడ్స్ గేమ్స్ అనువారు చేసిన 'రాజీ' యను నాట 2020లో వచ్చినది. తమ్ముని వెదకికొనుచు పోవు బాలిక యందు కథానాయిక, దుర్గాదేవియు విష్ణువును కథ చెప్పుదురు. ఆ బాలునికి దానిని చూపితిని. "అమ్మాయి ఆటా?" అని ముఖము చిట్లించెను. అతని చెల్లెలు మాత్రము కుర్చీ లాగికొని కూర్చుండెను. గంటలు పంచుకొనవలసిన వివాద మిప్పుడు వారి యింట క్రొత్తగా బయలుదేఱినది.

మిగిలిన పదునొకండువందల యేబదిని ఆమె సంఘములో కట్టివేసెను.